పాట ముందు.. స్పీకరు వెనక!

మిక్సర్‌ను ఇంటి స్పీకర్లకు కలిపితే ఆలస్యం ఎందుకు? తగ్గించుకునేదెలా?

ఉప్పల్, నాచారం: నాచారంలోని ఓ కాలనీలో గురువారం వచ్చిందంటే ఒక విశ్రాంత ఉద్యోగి ఇంట భజన జరుగుతుంది. హార్మోనియం, డోలక్, చిడతలు, రెండు మైకులు, ఒక చిన్న మిక్సర్. ఏళ్ల తరబడి ఇదే సరంజామా. పాత ఆంప్లిఫయర్ మూలపడటంతో ఆయన కుమారుడు టీవీ కింద పెట్టుకునే సౌండ్‌బార్ ఒకటి కొనిచ్చాడు. వైర్ల గొడవ లేకుండా మిక్సర్‌కు అగ్గిపెట్టె అంత బ్లూటూత్ పరికరం తగిలించారు. శబ్దం ఇల్లంతా నిండింది కానీ పాట మాత్రం నిలబడలేదు. గాయకుడు పల్లవి ఎత్తుకుంటే స్పీకరు ఓ అడుగు వెనక నడిచింది. స్పీకరును అనుసరించి డోలక్ దెబ్బ పడితే, ఆ దెబ్బ కోసం గాయకుడు ఆగాడు. ఆ ఆగడం మళ్లీ ఆలస్యంగా స్పీకరులోంచి వచ్చింది. మూడో చరణానికి నడక సగానికి పడిపోయి, అందరూ నవ్వుకుంటూ ఆపేశారు. వరుసగా మూడు వారాలు ఇదే తంతు. నాలుగో వారం డోలక్ వాయించే పెద్దాయన రాలేదు. ‘నా చెయ్యి తాళం తప్పుతోంది, వయసైపోయింది’ అని కబురు పంపారు.

ఆయన చెయ్యి తాళం తప్పలేదు. తప్పించింది అగ్గిపెట్టె అంత ఆ పరికరం.

ఇది ఒక్క ఇంటి సంగతి కాదు. ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం, మల్లాపూర్ ప్రాంతాల్లో ఇళ్లలోనే సంగీత పాఠాలు చెప్పేవారు, కీబోర్డు నేర్చుకునే పిల్లలు, సెలవు రోజు నలుగురూ చేరి కరోకే పాడుకునేవారు పెరిగారు. చిన్న మిక్సర్లు చవకగా దొరుకుతున్నాయి. ఇంట్లో ఎలాగూ హోం థియేటరో, సౌండ్‌బారో ఉంటుంది. రెండూ కలిపితే సరిపోతుందనుకుంటున్నారు. కలిపాక ఆలస్యం మొదలవుతోంది. తప్పు మిక్సర్‌దని కొందరు, మైకుదని కొందరు, స్పీకర్లదని కొందరు ఒక్కొక్కటే మార్చి వేల రూపాయలు వదిలించుకుంటున్నారు. ఆలస్యం ఎక్కడ పుడుతోందో తెలిస్తే చాలామందికి ఒక వైరు ఖర్చుతో పని పూర్తవుతుంది.

స్టేడియంలో తెలిసిన సంగతే

ఉప్పల్‌లోని రాజీవ్‌గాంధీ అంతర్జాతీయ క్రికెట్ స్టేడియంలో మ్యాచ్ చూసినవారికి ఆలస్యం అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. బ్యాటు బంతిని తాకడం ముందు కనిపిస్తుంది, ‘టక్’మన్న చప్పుడు తర్వాత వినిపిస్తుంది. 20 డిగ్రీల ఉష్ణోగ్రత వద్ద గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. పిచ్‌కు 100 మీటర్ల దూరాన కూర్చున్నవారికి ఆ చప్పుడు 290 మిల్లీ సెకన్లు ఆలస్యంగా చేరుతుంది. మిల్లీ సెకను అంటే సెకనులో వెయ్యో వంతు. ఈ లెక్కన ప్రతి మీటరు దూరానికీ దాదాపు 3 మిల్లీ సెకన్లు. ఈ ఒక్క అంకె గుర్తుంటే చాలు, మిగతాదంతా దీనితో పోల్చుకోవచ్చు.

హాలులో స్పీకరు 3 మీటర్ల దూరంలో ఉంటే ఆ గాలి ప్రయాణమే 9 మిల్లీ సెకన్లు. కచేరీ వేదికపై కళాకారులు ఒకరికొకరు రెండు మూడు మీటర్ల ఎడంలో కూర్చుని ఎన్ని తరాలుగానో వాయిస్తున్నారు. అంటే 10 మిల్లీ సెకన్ల లోపు ఆలస్యం మనిషికి అలవాటైనదే. 20 దాటితే వాద్యకారులకు ఏదో బరువుగా అనిపించడం మొదలవుతుంది. 30, 40 దాటాక పాటగాడి చెవికి తన గొంతే రెండుగా వినిపిస్తుంది. 200 మిల్లీ సెకన్ల దగ్గర పరిస్థితి మరీ అధ్వానం. తన మాట తనకే ఐదో వంతు సెకను ఆలస్యంగా వినిపిస్తే మనిషి నత్తిగా, సాగదీసి మాట్లాడతాడని అమెరికాకు చెందిన బెర్నార్డ్ లీ 1950లోనే తన ప్రయోగాల్లో చూపించారు. మామూలు బ్లూటూత్ స్పీకర్ల ఆలస్యం సాధారణంగా 100 నుంచి 250 మిల్లీ సెకన్ల మధ్య ఉంటుంది. అంటే మనిషిని తికమక పెట్టే చోటికే సరిగ్గా వచ్చి కూర్చుంటుంది. నిమిషానికి 120 దెబ్బల నడకలో దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం 500 మిల్లీ సెకన్లు. అందులో 200 పోయాక డోలక్ వాయించేవారు ఎంతటి వారైనా తాళం ఎలా పట్టగలరు?

దుకాణంలో ఎందుకు తెలియదు?

కొనేటప్పుడు బాగానే మోగింది కదా అన్నది అందరి ప్రశ్న. దుకాణంలో ఫోన్లోంచి ఏదో ఒక సినిమా పాట పెట్టి వినిపిస్తారు. ఆ పాట ఐదో వంతు సెకను ఆలస్యంగా మొదలైతే ఎవరికి తెలుస్తుంది? ఆలస్యం తెలియాలంటే పోల్చుకోవడానికి ఎదురుగా అసలు శబ్దం ఉండాలి. సినిమా చూసేటప్పుడు కూడా ఇబ్బంది అంతగా ఉండదు. చాలా ఫోన్లు, టీవీలు స్పీకరు ఎంత వెనకబడుతుందో చూసుకుని బొమ్మను కూడా అంతే ఆపి చూపిస్తాయి. పైగా పెదవుల కదలిక కన్నా మాట వెనకబడితే మనం ఓర్చుకుంటాం. శబ్దం 45 మిల్లీ సెకన్లు ముందొస్తే పసిగట్టే ప్రేక్షకుడు, వెనకబడినప్పుడు సుమారు 125 వరకు గుర్తించడని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ల సంఘం ప్రమాణాలు చెబుతున్నాయి. దూరంగా ఉన్న మనిషి మాట ఆలస్యంగా చేరడం ప్రకృతిలో ఉన్నదే కనుక కాబోలు.

కానీ ఎదురుగా కూర్చుని పాడే గొంతును ఆపి ఉంచే మీట ఎక్కడా లేదు. అందుకే సినిమాకు ఎంతో బాగున్న సౌండ్‌బార్ భజనకు పనికిరాకుండా పోతుంది. కొనేముందు దుకాణంలో ఒక మైకు తగిలించమని అడిగి, చిటిక వేసి చూడటం మేలు. చిటిక ఒకటి, చప్పుళ్లు రెండు వినిపిస్తే ఆ పెట్టె పాడుకునేందుకు కాదు, వినేందుకు మాత్రమే.

ఇదే సందర్భంలో ఒక ముచ్చట. ఎన్.టి. రామారావు నెలకొల్పిన రామకృష్ణా సినీ స్టూడియోస్ నాచారంలోనే ఉంది. పాటల చిత్రీకరణలో ముందే రికార్డు చేసిన పాటను స్పీకరులో మోగిస్తూ, నటీనటుల చేత పెదవులు కదిలింపజేస్తారు. సినిమాకు సెకనుకు 24 బొమ్మలు. ఒక్కో బొమ్మ నిలిచేది సుమారు 42 మిల్లీ సెకన్లు. అంటే స్పీకరు నటుడికి 14 మీటర్ల దూరంలో ఉంటే పెదవి ఒక బొమ్మ వెనకబడినట్లే. పెద్ద ఫ్లోరుల్లో స్పీకరును నటుల దగ్గరకు జరపడంలో ఇదీ ఒక లెక్క.

నల్లా నీరు.. డ్రమ్ము లెక్క

బ్లూటూత్‌లో ఆలస్యం ఎందుకు? రేడియో తరంగాలు కాంతి వేగంతో పోతాయి కదా అన్నది మరో సందేహం. నిజమే, గాల్లో పట్టే సమయం లెక్కలోకి రానంత తక్కువ. ఆలస్యమంతా రెండు చివర్లలోనే. పంపే పరికరం శబ్దాన్ని అంకెల్లోకి మార్చాలి, కుదించాలి, చిన్న చిన్న పొట్లాలుగా కట్టాలి. అందుకునే స్పీకరు పొట్లాలు విప్పి, తిరిగి శబ్దంగా మార్చాలి. మధ్యలో ఒక పొట్లం చెడిపోతే మళ్లీ పంపాలి. వైఫై, మైక్రోవేవ్ ఓవెన్, పక్కింటి వారి బ్లూటూత్ అన్నీ ఇదే 2.4 గిగాహెర్ట్జ్ దారిలో తిరుగుతుంటాయి కనుక చెడిపోవడం మామూలే.

మన బస్తీల్లో నల్లా ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తెలియక డ్రమ్ముల్లో నీరు పట్టి ఉంచుకుంటాం. స్పీకరు కూడా అంతే. పొట్లం ఆలస్యమైతే పాట తెగకుండా కొంత శబ్దాన్ని ముందే నిల్వ చేసుకుని, అందులోంచి వాడుకుంటుంది. డ్రమ్ము ఎంత పెద్దదైతే పాట అంత నిరాటంకంగా వస్తుంది, కానీ ఇప్పుడు పట్టిన నీరు కుళాయిలోకి వచ్చేసరికి అంత ఆలస్యమవుతుంది. డ్రమ్మును చిన్నది చేస్తే ఆలస్యం తగ్గుతుంది, అడపాదడపా ధార తెగుతుంది. ఈ రెండింటి మధ్య బేరమే ఇందులోని సాంకేతికత అంతా. కంప్యూటర్లోనూ ఇదే సూత్రం అన్నది కాసేపట్లో చూద్దాం.

ఆలస్యం తక్కువుండే బ్లూటూత్ రకాలూ ఉన్నాయి. ఆప్ట్‌ఎక్స్ లో లేటెన్సీ అనే పద్ధతిలో అది 40 మిల్లీ సెకన్ల దరిదాపుల్లో ఉంటుంది. 2022లో ప్రమాణాలు పూర్తయిన ఎల్‌ఈ ఆడియో కూడా పాత పద్ధతి కన్నా మెరుగు. అయితే పంపే పరికరం, అందుకునే స్పీకరు రెండింటిలోనూ అదే పద్ధతి ఉంటేనే ఫలితం. ఒకదానిలో లేకపోతే రెండూ చప్పుడు చేయకుండా పాత పద్ధతికే దిగిపోతాయి. డబ్బాపై రాసి ఉంది కదా అని కొని, ఇంట్లో ఉన్న స్పీకరుతో కలిపి, తేడా లేదని వాపోయేవారి కథ ఇదే. అయినా 40 మిల్లీ సెకన్లు కూడా డోలక్‌కు ఎక్కువే. వైరు లాగడం అసలే కుదరని చోట, వాద్యాల కోసం ప్రత్యేకంగా తయారైన వైర్‌లెస్ కిట్లు దొరుకుతాయి. ఇవి బ్లూటూత్ కావు. వీటిలో చాలావాటి ఆలస్యం 10 మిల్లీ సెకన్ల లోపే.

వైరే దిక్కు

తిరిగి తిరిగి వైరు దగ్గరకే రావాలి. వైరులో సంకేతం కాంతి వేగంలో సగానికి పైగా వేగంతో ప్రయాణిస్తుంది. 10 మీటర్ల వైరుకు పట్టే సమయం సెకనులో కోటో వంతు కూడా కాదు. కనుక వైరు పొడుగైతే ఆలస్యం పెరుగుతుందన్నది అపోహ. బంగారు పూత పిన్నుల ఖరీదైన వైరు కొంటే ఆలస్యం తగ్గుతుందన్నదీ అపోహే. పూత తుప్పును ఆపుతుంది, కాలాన్ని కాదు. కోఠి గుజరాతీ గల్లీలో దొరికే మామూలు నాణ్యమైన వైరు చాలు.

చేయవలసింది ఇది. మిక్సర్ వెనుక ‘మెయిన్ అవుట్’ అని రెండు రంధ్రాలు, ఎడమకొకటి కుడికొకటి ఉంటాయి. పావు అంగుళం జాక్ నుంచి ఆర్‌సీఏ పిన్నుకు వెళ్లే వైర్లు రెండు తీసుకుని, హోం థియేటర్ ఆంప్లిఫయర్‌లో ‘ఆక్స్’ లేదా ‘లైన్ ఇన్’ అని రాసి ఉన్న చోట గుచ్చాలి. పక్కనే ‘ఫోనో’ అని ఉంటే అది గ్రామఫోను రికార్డుల కోసం, అందులో గుచ్చితే శబ్దం బద్దలవుతుంది. కొన్ని మిక్సర్లకు ‘టేప్ అవుట్’ పేరుతో నేరుగా ఆర్‌సీఏ రంధ్రాలే ఉంటాయి. ఇంటి ఆంప్లిఫయర్లకు అదే అనువు. ఎందుకంటే కచేరీ సామగ్రి పంపే వోల్టేజీ సుమారు 1.23 కాగా, ఇంటి సామగ్రి ఆశించేది 0.316 మాత్రమే. దాదాపు నాలుగింతల తేడా. మెయిన్ అవుట్ వాడేవారు మాస్టర్ మీటను బాగా కిందికి దించి, అవసరమైనంతే పైకి తేవాలి. ముందు మిక్సర్, ఆఖరున ఆంప్లిఫయర్ ఆన్ చేయాలి. కట్టేసేటప్పుడు ముందు ఆంప్లిఫయర్. లేకపోతే ‘దబ్’మనే దెబ్బకు స్పీకరు పొర చిరుగుతుంది. ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్లకు వెళ్లే తీగను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ మిక్సర్‌లో గుచ్చరాదు.

ఆంప్లిఫయర్ లోపలే ఉండే పవర్డ్ స్పీకర్లు ఉంటే ఇంకా సులువు. మిక్సర్ నుంచి నేరుగా వాటికే. పాతకాలపు స్టీరియో ఆంప్లిఫయర్లు అటక మీద ఉంటే దింపుకోవచ్చు. వాటిలో శబ్దాన్ని అంకెలుగా మార్చే తంతే లేదు, ఆలస్యం సున్నా కిందే లెక్క. ఈ ఒక్క విషయంలో పాతదే మేలని చెప్పక తప్పదు.

వైరు పెట్టినా తగ్గకపోతే..

వైరుతో కలిపినా ఆలస్యం మిగిలితే అది స్పీకరు పెట్టె లోపల పుడుతోందని అర్థం. నేటి సౌండ్‌బార్లు, హోం థియేటర్లు ఆక్స్ ద్వారా వచ్చిన శబ్దాన్ని కూడా అంకెల్లోకి మార్చి, చుట్టూ వినిపించేలా రంగులద్ది, గది తీరుకు సరిదిద్ది అప్పుడు వదులుతాయి. ఈ అలంకారాలకు కొన్ని పదుల మిల్లీ సెకన్లు పట్టవచ్చు. రిమోట్‌లో సరౌండ్, సినిమా, హాలు వంటి ఎంపికలను తీసేసి ‘డైరెక్ట్’, ‘ప్యూర్ డైరెక్ట్’ ఉంటే అది, లేకపోతే ‘స్టీరియో’ ఎంచుకోవాలి. ‘లిప్ సింక్’ లేదా ‘ఆడియో డిలే’ అన్న చోట అంకె ఏమైనా ఉంటే సున్నాకు తేవాలి. టీవీ బొమ్మకు సరిపోవాలని ఎప్పుడో పిల్లలు 100 పెట్టి మరచిపోయి ఉండవచ్చు. మిక్సర్ శబ్దాన్ని టీవీ గుండా స్పీకరుకు పంపే ప్రయత్నం మాత్రం వద్దు, దారిలో మరో మజిలీ చేరినట్లవుతుంది. ఇవన్నీ చేసినా తగ్గని సౌండ్‌బార్లు ఉన్నాయి. వాటిని సినిమాలకే వదిలేయాలి.

అన్నిటికన్నా ముందు చూడవలసినది ఒకటుంది. చవక మిక్సర్లలో ‘ఎకో’ అని ఒక మీట ఉంటుంది. ఆలస్యం, ఆలస్యం అని మిక్సర్‌ను మరమ్మతుకు మోసుకెళ్లాక, ఆ మీట సగానికి తిప్పి ఉండటమే కారణమని తేలిన సందర్భాలు లేకపోలేదు. ముందు దాన్ని పూర్తిగా ఎడమకు తిప్పి, అప్పుడు మిగతావి వెతకండి.

ఎంత ఆలస్యమో ఇంట్లోనే కొలవచ్చు

ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961 నుంచి ఉంది. భూకంపం వచ్చినప్పుడు ముందు చేరే తరంగానికీ, వెనక చేరే తరంగానికీ మధ్య ఎడం చూసి భూకంప కేంద్రం ఎంత దూరమో లెక్కిస్తారు. అదే ఉపాయం ఇక్కడా పనికొస్తుంది.

సెల్‌ఫోనును మైకు పక్కనే పెట్టి రికార్డింగ్ ఆన్ చేయాలి. మైకు ముందు చిడతలు ఒక్కసారి గట్టిగా మోగించాలి. ఫోన్లో ముందు చిడతల అసలు చప్పుడు, తర్వాత స్పీకరు నుంచి వచ్చినది రెండూ నమోదవుతాయి. దీన్ని కంప్యూటర్లో ఉచితంగా దొరికే ఆడాసిటీ వంటి సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే రెండు కొండ కొమ్ముల్లా కనిపిస్తాయి. వాటి మధ్య ఎడమే ఆలస్యం. ఉదాహరణకు ఎడం 209 మిల్లీ సెకన్లు వచ్చిందనుకుందాం. స్పీకరు 3 మీటర్ల దూరంలో ఉంటే గాలి వాటా 9 తీసేయాలి. మిగిలిన 200 పరికరాలది. ఇక ఒక్కొక్క మార్పు చేసి మళ్లీ కొలవాలి. నాలుగు మార్పులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఇంట్లో ఉంటే పావుగంట పని. రెండు కొమ్ములు విడిగా కనిపించకుండా కలిసిపోయాయంటే, ఇక పరికరాలపై అనుమానం పెట్టుకోనక్కరలేదు.

కంప్యూటర్ మధ్యలో ఉంటే

యూఎస్‌బీ మిక్సర్లు వాడి పాటలు రికార్డు చేసే కుర్రకారుది ఇంకో ఇబ్బంది. వీరి గొంతు మిక్సర్ నుంచి కంప్యూటర్లోకి వెళ్లి, మళ్లీ మిక్సర్‌కు తిరిగొచ్చి స్పీకరులో మోగుతుంది. ఇక్కడ డ్రమ్ము పేరు ‘బఫర్’. సెకనుకు 48 వేల నమూనాల లెక్కన 1024 బఫర్ అంటే 21.3 మిల్లీ సెకన్లు. పోను ఒకటి, రాను ఒకటి కలిపి 42.7. అదే 256కు తగ్గిస్తే పోను రాను 10.7. 128 అయితే 5.3. మార్పిడికి పట్టే మరో రెండు మూడు కలుపుకోవాలి. తగ్గిస్తూ పోయి, ఎక్కడ ‘టప్ టప్’ అని చిట్లడం మొదలవుతుందో దానికి ఒక మెట్టు పైన ఆపాలి. విండోస్ వాడేవారు మిక్సర్ తయారీదారు ఇచ్చే ఆసియో డ్రైవర్‌ను వేసుకోవాలి. అది లేకపోతే బఫర్ ఎంత తగ్గించినా విండోస్ తన సొంత డ్రమ్మును మధ్యలో పెడుతుంది.

అసలు కిటుకు వేరే ఉంది. పాడేటప్పుడు కంప్యూటర్ నుంచి తిరిగొచ్చే సొంత గొంతు వినవలసిన అవసరమే లేదు. మిక్సర్‌లో నేరుగా వినే వీలు ఉండనే ఉంది. సాఫ్ట్‌వేర్‌లో ‘మానిటర్’ అన్నది ఆపేస్తే చాలు. రెండూ తెరిచి ఉంచితే అసలు గొంతు, ఆలస్యపు గొంతు కలిసి బావిలోంచి పాడినట్లుంటుంది. రికార్డింగ్ చెడిందని మళ్లీ మళ్లీ పాడేవారిలో చాలామందికి ఈ చిన్న గుర్తు తీసేస్తే సరిపోతుంది.

అమెరికా పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం చెప్పే గురువులది మాత్రం తీరని ఆలస్యం. హైదరాబాద్ నుంచి న్యూజెర్సీ సుమారు 13 వేల కిలోమీటర్లు. గాజు తీగలో కాంతి సెకనుకు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. తిన్నగా తీగ వేసినా పోను 65, రాను 65 మిల్లీ సెకన్లు. సముద్రం కింది తీగలు తిన్నగా ఉండవు, మధ్యలో కంప్యూటర్లు, నిల్వలు మరికొంత చేరుస్తాయి. ఏ మిక్సర్ కొన్నా ఇది తగ్గదు. కలిసి పాడటం మానుకుని, గురువు ఒక వరుస పాడి ఆపితే శిష్యులు తిరిగి పాడే పాత పద్ధతే దీనికి సరిపోతుంది. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్’ ఎంపిక పెట్టుకుంటే తంబురా శ్రుతిని రొదగా భావించి మింగేయకుండా ఉంటుంది.

వరండాలో రెండో పెట్టె

ఇంట్లో జనం పట్టక వరండాలోకి రెండో స్పీకరు పెట్టేవారు హాల్లోది వైరుతో, వరండాలోది బ్లూటూత్‌తో నడిపిస్తుంటారు. గుమ్మంలో నిలబడినవారికి ప్రతి నామం రెండుసార్లు వినిపిస్తుంది. రెండూ వైరుతోనే నడపాలి. ఒకే శబ్దం 30 మిల్లీ సెకన్ల లోపు ఎడంతో రెండు చోట్ల నుంచి వస్తే మన చెవి రెండింటినీ కలిపి ఒకటిగానే వింటుంది. దీనిని జర్మనీ శాస్త్రవేత్త హెల్ముట్ హాస్ 1949లో వివరించారు.

ఆలస్యాన్ని కావాలని కలిపే చోటు కూడా ఒకటుంది. వినాయక చవితి మండపాల్లో, బోనాల వేదికల వద్ద వీధి చివరన మరో స్పీకరు కడతారు. అది వేదికకు 34 మీటర్ల దూరంలో ఉంటే, వేదిక నుంచి గాలిలో వచ్చే శబ్దం అక్కడికి 100 మిల్లీ సెకన్లకు చేరుతుంది. వైరులో వచ్చేది వెంటనే మోగుతుంది. అందుకే తెలిసినవారు చివరి పెట్టెకు 100 మిల్లీ సెకన్ల ఆలస్యం మిక్సర్‌లోనే పెడతారు. ఇంటి హాలులో ఈ అవసరం రాదు. ఎండాకాలంలో 40 డిగ్రీలకు శబ్ద వేగం సెకనుకు 355 మీటర్లకు పెరుగుతుంది కానీ, ఆ కాస్త తేడా మన పనికి అడ్డం కాదు.

మూడో పిన్ను విరవద్దు

వైరుకు మారిన తర్వాత చాలా ఇళ్లలో ‘గుర్ర్’మనే రొద మొదలవుతుంది. బ్లూటూత్‌లో ఇది ఉండదు కనుక కొందరు మళ్లీ వెనక్కే వెళతారు. కొందరు అంతకన్నా ప్రమాదకరమైన పని చేస్తారు. ప్లగ్గులో పైనుండే లావుపాటి ఎర్త్ పిన్నును విరిచేస్తే రొద పోతుందని ఎవరో చెబితే నమ్మి విరిచేస్తారు. రొద పోతుంది. ఆ తర్వాత ఆంప్లిఫయర్‌లో ఎక్కడైనా తీగ తెగి పెట్టెకు తగిలితే 230 వోల్టులూ మైకు జాలీలోకి వస్తాయి. ఆ జాలీ ఉండేది పెదవుల దగ్గర. మా ఊరి రామాలయంలో కొన్నేళ్ల కిందట శ్రీరామనవమి నాడు ఈ విలేకరి పెదవికి తగిలిన షాకు ఇలాంటిదే. చేతిలో పొడి తువ్వాలు ఉండబట్టి మైకు కింద పడింది, మనిషి నిలబడ్డాడు. ఎవరు విరిచారో తర్వాత ఎవరూ ఒప్పుకోలేదు.

రొద పోవడానికి మిక్సర్, ఆంప్లిఫయర్, కంప్యూటర్ మూడింటి ప్లగ్గులనూ ఒకే ఎర్త్ ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టాలి. శబ్దపు వైరు, కరెంటు వైరు పక్కపక్కనే పడుకోకుండా చూడాలి. ఎదురైతే అడ్డంగా దాటించాలి. అప్పటికీ పోకపోతే మధ్యలో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవాలి, చిన్న డబ్బీ అంతే. ఇది ఆలస్యం కలపదు. ఇంటి మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేని పాత ఇళ్లవారు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ముందు అది పెట్టించుకోవడం అన్నిటికన్నా అవసరం.

ఆలస్యం పోతే శబ్దం కూడా తగ్గించుకోవచ్చు. సొంత గొంతు సరిగా వినిపించకే చాలామంది స్పీకరు పెంచుతుంటారు. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ మాత్రమే పరిమితి. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు రాత్రి కిందే లెక్క. స్పీకరును దూరపు గోడ మీంచి తీసి పాడేవారికి మీటరున్నర దూరంలో, వారి మైకుకు ఎదురు కాకుండా పక్కగా పెడితే, తక్కువ శబ్దానికే గొంతు స్పష్టంగా వినిపిస్తుంది. ఎదురుగా పెడితే మైకు కూత పెడుతుంది.

నాచారం ఇంట్లో చివరకు చేసినదీ ఇదే. బ్లూటూత్ పరికరం తీసేశారు. సౌండ్‌బార్‌ను ఆక్స్ వైరుతో కలిపి చూశారు. ఆలస్యం బాగా తగ్గింది కానీ డోలక్‌కు ఇంకా చాలలేదు. మూలపడ్డ పాత ఆంప్లిఫయర్‌కు వీధి చివర మెకానిక్ చేత ఫ్యూజు, ఒక కెపాసిటర్ మార్పించి, పాత సౌండ్ బాక్సులే మళ్లీ కలిపారు. సౌండ్‌బార్ టీవీ కిందకు వెళ్లింది. తర్వాతి గురువారం డోలక్ ఆయనను కుమారుడే స్కూటర్‌పై వెళ్లి తీసుకొచ్చాడు. ఆయన ముందు రెండు దెబ్బలు వేసి, స్పీకరు వైపు చూసి, తాడు బిగించుకుని కూర్చున్నారు.